నిన్న పని దొరకనివాళ్లు ముందు

నాకు రాయడం అలవాటు లేదు. చదివింది ఐదో తరగతి వరకే. ఎక్కడ ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం ఇవ్వాలో ఇప్పటికీ తడబడతాను. మా సంఘంలో అక్కలు అందరినీ ఏదో ఒకటి రాసి ఇమ్మంటే భయపడుతూనే కూర్చున్నాను. అనుమానం వచ్చిన మాట మా కోడలిని అడుగుతున్నాను, ఆమె బీరకాయలు తరుగుతూ చెప్తోంది. అయినా తప్పులు ఉంటాయి. పెద్దమనసు చేసుకొని చదవండి.

మొన్న మా మనవరాలికి దగ్గు వస్తే మందు తెచ్చారు. సీసా మూత తీయగానే నారింజ వాసన. పండు నారింజ కాదు, మందు నారింజ. చెంచాలో పోస్తూ ఆగిపోయాను.

"ఏందత్తమ్మా, పొయ్యుండ్రి. పిల్ల నోరు తెరుసుకొని కూసుంది" అంది మా కోడలు.

పోశాను. కానీ ఆ పూటంతా ఆ వాసన నన్ను వదల్లేదు. అది మా అమ్మ కొంగు వాసన.

ఇప్పుడు మేము కొల్లూరులో గవర్నమెంటు ఇచ్చిన ఇంట్లో, పై అంతస్తులో ఉంటున్నాం. నా చిన్నప్పుడు మాది పటాన్‌చెరు దాటాక, కంపెనీల మధ్య మిగిలిపోయిన ఊరు. మా ఊళ్లో గాలికి కూడా రుచి ఉండేది. ఒక దిక్కు నుంచి వీస్తే బిస్కెట్ల వాసన, ఇంకో దిక్కు నుంచి వీస్తే కుళ్లిన గుడ్ల వాసన. బిస్కెట్ల గాలి వచ్చిన రోజు మేం పిల్లలం వట్టి జొన్నరొట్టె పట్టుకొని వాకిట్లో కూర్చునేవాళ్లం. ఆ గాలినే నంజుకొని తినేవాళ్లం. గుడ్ల గాలి వచ్చిన రోజు తలుపులు వేసుకొని పచ్చిపులుసు అన్నం గబగబా మింగేవాళ్లం.

ఊరి చివర మా వాడ. వాడ మధ్యలో రేకుల కప్పు వేసిన చిన్న గుడి, దాని మీద సిలువ. గంట లేదు. ఏదో కంపెనీ పారేసిన ఇనుప చక్రాన్ని వేపకొమ్మకు వేలాడదీసి, ఆదివారం పొద్దున రాయితో కొట్టేవాళ్లు. ఆ చప్పుడు పక్క ఊరిదాకా వినపడేది.

మా నాయనమ్మ గుడిలో ముందు వరుసలో కూర్చునేది. ఆమెకు చుట్ట అలవాటు. గుడి పాస్టరు అయ్యగారు వస్తున్నాడంటే చుట్టను ఆర్పకుండానే గంప కింద పెట్టేది. గంప సందుల్లోంచి పొగ వస్తుంటే అయ్యగారు చూసీ చూడనట్టు ప్రార్థన చేసి వెళ్లేవాడు. మందుల కంపెనీలు బయట పారేసిన ఖాళీ గోలీ డొప్పలు మాకు ఆటవస్తువులు. సగం ఎరుపు, సగం పసుపు. విప్పి అందులో బెల్లంపొడి నింపి మూసేవాళ్లం. ఒకసారి మోకాళ్ల నొప్పికి మందు అని చెప్పి నాయనమ్మకు ఒకటి ఇచ్చాను. మర్నాడు ఆమె వాడంతా తిరిగి, "మన పిల్ల ఇచ్చిన గోలీతోని మోకాళ్లు జెర వొంగుతున్నయే" అని చెప్పింది. నాకు ఏం చేయాలో తెలియక ఇంకో రెండు తయారుచేసి ఇచ్చాను.

మా అమ్మ దగ్గు మందు తయారుచేసే కంపెనీలో రోజుకూలికి వెళ్లేది. సీసాల మీద కాగితాలు అంటించే పని. సాయంత్రం వస్తే వేళ్లకు బంక, కొంగుకు నారింజ వాసన. తమ్ముడు ఆ కొంగు నోట్లో పెట్టుకొని చీకేవాడు.

ఆ పని రోజూ దొరికేది కాదు. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా గేటు ముందు వరుసగా నిలబడాలి. మేస్త్రి లోపల్నుంచి వచ్చి, ఆ రోజు ఎంతమంది కావాలో అంతమందిని ముందునుంచి లెక్కపెట్టి తీసుకుపోతాడు. చెయ్యి అడ్డంగా పెట్టి, "ఇగ బస్, మీరు పోండ్రి" అంటాడు. ఆ చేతికి ఇవతల ఉన్నవాళ్లు ఇంటికి రావాలి. అందుకే ముందు జాగ కోసం తోసుకునేవాళ్లు, తిట్టుకునేవాళ్లు.

ఒక శనివారం మా వాడ ఆడవాళ్లు ఇద్దరు అక్కడ జుట్టు పట్టుకొని కొట్టుకున్నారు. మర్నాడు గుడిలో ప్రభు బల్ల, అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగాలి. ఒకామె తాగిన గిన్నె ఇంకొకామె తాగనంది. అయ్యగారు గిన్నె చేతిలో పట్టుకొని ఆగిపోయాడు. అప్పుడు మా నాయనమ్మ చాప మీంచి లేచింది.

"అయ్యగారూ, జెర ఆగుండ్రి. ఇది గిన్నెకాడి లొల్లి గాదు, గేటుకాడి లొల్లి" అంది. ఆడవాళ్ల వైపు తిరిగి, "యేసయ్య తన పక్కన కూసున్నోళ్ల కాళ్లు గడిగె. మీరు పక్కదాని జుట్టు వీకుతున్నరు. రేపటిసంది ఒకటే మాట. నిన్న పని దొరకనోళ్లు ముంగట నిలవడాలె. దొరికినోళ్లు ఎన్కకు పోవాలె. ఇష్టమున్నోళ్లు గిన్నె వట్టుకోండ్రి, లేనోళ్లు ఇంటికి పోండ్రి" అంది.

అందరూ పట్టుకున్నారు. ఆ సోమవారం నుంచి గేటు దగ్గర అదే వరస. మొదట్లో వేరే ఊళ్లవాళ్లు నవ్వారు. కొన్నాళ్లకు వాళ్లకీ అదే బాగనిపించి అందరూ అలాగే నిలబడడం మొదలుపెట్టారు. మేస్త్రికి ఎవరు ముందున్నా ఒకటే, అతను పట్టించుకోలేదు.

నేను ఐదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. మా ఊళ్లో పై తరగతులు లేవు, రోడ్డు వెంట నడిచి ఇంకో ఊరు వెళ్లాలి. సారు మా అమ్మతో "పిల్లను ఆపకుండ్రి" అని చెప్పాడు. అమ్మకూ పంపాలనే ఉంది. కానీ నేను వెళ్తే తమ్ముణ్ణి ఎవరు చూడాలి? నాయనమ్మకు కళ్లు సరిగా కనపడవు. నాయన లారీల దగ్గర మూటలు మోసేవాడు, పొద్దున పోతే రాత్రికి వచ్చేవాడు.

ఒకరోజు అమ్మ పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. రేపు పొద్దున కంపెనీ నలుగురిని పర్మినెంటుగా తీసుకుంటుందని మేస్త్రి చెప్పాడట. కార్డు ఇస్తారు. కార్డు ఉన్నవాళ్ల పిల్లల కోసం లోపల ఒక గది ఉంది. అందులో ఉయ్యాలలు, చూసుకోవడానికి ఒక ఆయా.

"రేపు నాది నాలుగో జాగ. ఇయ్యాల నాకు పని దొరకలే గద. తమ్మున్ని లోపల ఏస్త. నువ్వు బడికి పో" అంది.

ఆ సాయంత్రం అమ్మ చింతచిగురు పప్పు వండింది. నేను ఆరో తరగతి పిల్లల్లా రెండు జడలు వేసుకొని తిన్నాను.

మర్నాడు నన్నూ తమ్ముణ్ణీ వెంట తీసుకెళ్లింది, పిల్లవాణ్ణి చూపించమంటారేమోనని. క్రిస్మస్‌కు కట్టే చీర కట్టుకుంది. గేటు దగ్గర అప్పటికే వరుస ఉంది. ముందు ముగ్గురు, తర్వాత అమ్మ. అమ్మ వెనకాల నిన్న పని దొరికినవాళ్లు, చాలామంది. అందరి మొహాలూ గేటు వైపే.

గేటుకు పక్కగా ఒక తుమ్మచెట్టు ఉండేది. దాని కింద పటేలమ్మ నిలబడి ఉంది.

పటేలమ్మ అంటే మా ఊరి పెద్ద భూముల ఇంటి కోడలు. మా అమ్మ, నాయనమ్మ వాళ్ల పొలంలోనే కూలి చేసేవాళ్లు. దాహమైతే ఆమె చెంబు ఎత్తి పైనుంచి పోస్తే దోసిట్లో పట్టుకొని తాగేవాళ్లం. ఆ పొలం కంపెనీకి అమ్ముకున్నారు. వచ్చిందంతా ఇంటాయన ఎక్కడెక్కడో పోగొట్టాడు. ఇప్పుడు ఆ గేటు నిలబడిన నేల ఒకప్పుడు వాళ్ల జొన్నచేనే. ఆమె కొన్నాళ్లుగా తలమీద కొంగు కప్పుకొని పొద్దున్నే వచ్చి ఆ చెట్టు కింద నిలబడుతోంది. వరుసలోకి రాదు. మేస్త్రి ఎవరినో చూడడానికి వచ్చిందనుకునేవాడు. పని మొదలయ్యాక ఆమె మెల్లగా ఇంటికి వెళ్లిపోయేది.

"పటేలమ్మ సేను సూడనీకి వొచ్చింది" అని వరుసలో ఒకామె అంది. కొందరు నవ్వారు.

"ఏం పంట ఏసిర్రని సూస్తున్నది గావచ్చు."

"సీసాల పంట."

అమ్మ నవ్వలేదు. చాలాసేపు ఆ చెట్టు వైపు చూసింది. తర్వాత వరుసలోంచి కదలకుండానే పిలిచింది. "పటేలమ్మా, మీరు పనికోసమే వొస్తున్నరా?"

ఆమె కొంగు సర్దుకుంది. "అవునే" అంది చివరికి.

"గాడ నిలవడితే ఎవలు తీసుకోరు."

"పిలుస్తరనుకున్న" అంది ఆమె.

ఆ మాటకు ఇంకెవరూ నవ్వలేదు. అమ్మ ముందున్నామె వెనక్కి తిరిగింది. "ఓ సెల్లె, ఊకో. ఆమె ముచ్చట మనకెందుకు? మన లైనుల లేదు ఆమె."

"లైన్లు రెండున్నయా అక్కా?" అంది అమ్మ.

"అగో. మనం ముట్టుకున్న బిందె తోముకున్నోళ్లు. మరిసినవా?"

"మరువలే."

"మరి?"

"నిన్న పని దొరకనోళ్లు ముంగట అనుకున్నం. ఆమెకు నిన్న దొరకలే. మొన్న దొరకలే. వొచ్చినకాడికెంచి దొరకలే. నాకన్న ఆమెదే ముంగటి జాగ."

"అయితే నీ జాగల నిలవెట్టుకో" అంది ఆమె. "మేం జరగం. ఇయ్యాల ఏం దినమో ఎరుకే గద నీకు."

అమ్మకు తెలుసు. నా వైపు ఒకసారి చూసింది. నేను తమ్ముణ్ణి చంకలో పెట్టుకొని, తల అడ్డంగా ఊపాను. వద్దమ్మా అని. అమ్మ చూసిందో లేదో నాకు తెలియదు. చూసిందనే అనుకుంటాను.

లోపల గొళ్లెం చప్పుడైంది. అమ్మ ఒక అడుగు పక్కకు వేసింది. "రాండ్రి పటేలమ్మా, జల్దీ రాండ్రి" అంది. చేయి పట్టుకోబోయి ఆగింది, ముట్టుకుంటే ఏమనుకుంటుందోనని. పటేలమ్మ తనంతట తానే వచ్చి ఆ ఖాళీలో నిలబడింది. అమ్మ ఆమె వెనక నిలబడింది.

మేస్త్రి వచ్చాడు. వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి చెయ్యి అడ్డంగా పెట్టాడు. ఆ చెయ్యి పటేలమ్మ వీపుకూ మా అమ్మ మొహానికీ మధ్యలో ఉంది.

"ఇగ బస్" అన్నాడు.

దారిలో అమ్మ మురికి నీళ్ల కాలువ దాటేటప్పుడు తమ్ముడి లాగు తడిసిందని నన్ను ఒకటి కొట్టింది. వాడి లాగు తడవలేదు. ఇంటికొచ్చి చీర మార్చి మడత పెట్టి, పొయ్యి రాజేసింది. ఆ రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది.

నేను అనుకున్నాను, నాయనమ్మ అయినా అమ్మను మెచ్చుకుంటుందని. ఆ మాట పెట్టింది ఆమే కదా. కానీ నాయనమ్మకే ఎక్కువ కోపం వచ్చింది.

"నేను చెప్పింది మనోళ్లకు" అంది. "పటేలోళ్లకు ఎవలు చెప్పిండ్రు?"

"చెప్పిననాడు మనోళ్లకని అనలే గదత్తమ్మా" అంది అమ్మ.

నాయనమ్మ చుట్ట ఆరిపోయింది. మళ్లీ ముట్టించుకోలేదు.

నాయన వచ్చాక సంగతి తెలిసింది. అన్నం ముందు కూర్చుని కలపకుండా అడిగాడు. "ఏమే, నీ యేసయ్య వొచ్చి పోరగాన్ని ఆడిస్తడా, పిల్ల బడికి పోతే?"

అమ్మ పులుసు పోసింది. "ఎన్క నిలవడుడు ఆమెకు రాదు" అంది. "మనకొచ్చు."

"అవును, మనకు పుట్టుకతోనే వొచ్చు" అన్నాడు నాయన. ఉప్పు ఎక్కువైన ఆ పులుసు ఏమీ అనకుండా తిని లేచాడు.

కంపెనీ మళ్లీ అలా తీసుకోలేదు. బడులు తెరిచారు. నాతో చదివిన పిల్లలు సంచులు వేసుకొని పై బడికి పోయేవాళ్లు. నేను తమ్ముణ్ణి ఎత్తుకొని రోడ్డు దాకా వాళ్ల వెంట వెళ్లి, అక్కడినుంచి వెనక్కి వచ్చేదాన్ని. వర్షాలు పడ్డాక ఇక రోడ్డు దాకా వెళ్లడం మానేశాను. గుడిలో ఆదివారం పాటలు పాడేటప్పుడు నోరు మూసుకొని నిలబడేదాన్ని. అమ్మ పక్కనే ఉండి చూసేది, పాడమని అనేది కాదు. పటేలమ్మ రోజూ కార్డు చూపించి గేటులోకి పోయేది. వరుసలో ఉన్న మా అమ్మ వైపు చూసేది కాదు. మా ఇంటికి రాలేదు, ఒక మాట పంపలేదు. నాకు ఆమె మీద కోపం, అమ్మ మీద కోపం, దేవుడి మీద కూడా కోపమే. కానీ తమ్ముడు నడక నేర్చుకొని కోళ్ల వెంట పరుగెత్తుతుంటే నవ్వొచ్చేది. పిల్లలకు కోపం ఎక్కువసేపు నిలవదు, దాక్కుంటుంది అంతే.

తమ్ముడు బడికి పోయే వయసుకు నేను ఓణీ వేసుకునే పిల్లనయ్యాను. అప్పుడు అమ్మ నన్నూ గేటు దగ్గరికి తీసుకెళ్లింది. వరుస అలాగే ఉంది. ఒక పెద్దామె నన్ను చూసి, "ఈ పొల్లకు పుట్టినకాడికెంచి పని దొరకలే గద, ముంగటికి తోలుండ్రి" అంది. అందరూ నవ్వుతూ నన్ను ముందుకు పంపారు. అమ్మ ముందురోజు పని చేసింది కాబట్టి చివర ఉంది. నేను లోపలికి వెళ్లాను, అమ్మ ఇంటికి వెళ్లింది.

లోపల కాగితాలు అంటించే బల్ల దగ్గర పటేలమ్మ. నేను కాగితం అంటిస్తే బంక అంతా పక్కలకు కారుతోంది. ఆమె నా చేతిలో బట్టముక్క పెట్టి, ఎలా తుడవాలో తుడిచి చూపించింది. మధ్యాహ్నం రొట్టె తిన్నాక నాకు దాహమైంది. ఆమె తన చెంబు తీసింది. నేను అలవాటుగా దోసిలి పట్టాను. ఆమె పోయలేదు. చెంబు నా చేతిలో పెట్టింది.

నేను ఎత్తి నోట్లో పోసుకోబోయాను.

"మూతి పెట్టి తాగు" అంది. "మీద పోసుకుంటవ్."

నేను మూతి పెట్టి తాగాను. ఆమె చెంబు తీసుకొని, మిగిలిన నీళ్లు తాను తాగింది. తర్వాత, "మీ అమ్మ పానం మంచిగున్నదా?" అని అడిగింది. ఉంది అన్నాను. అంతే మా మాటలు.

సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది. చెంబు సంగతి విని చేయి ఆపింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"బిడ్డా" అంది. "ఆ పొద్దు నా జాగ ఇచ్చిన అనుకున్న. ఇంటికొచ్చినంక తెలిసింది, ఇచ్చింది నాది గాదు. నీది."

 అన్నేళ్లు నేను లోపల అనుకుంటున్న మాట అది. ఆమెకు తెలుసని నాకు తెలియదు.

నేను అడిగాను. "మల్ల ఆ పొద్దు వొస్తే ఏం జేస్తవమ్మా?"

అమ్మ చేట కింద పెట్టింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, నన్ను సంతోషపెట్టడానికి కూడా.

"గట్లనే జేస్త గావచ్చు" అంది. "యేసయ్య ముంగట ఇంకో తీరుగ నిలవడరాదు నాకు. గని నిన్నడిగి జేస్త."

మళ్లీ చేట అందుకుంది. నేను కూడా పక్కన కూర్చుని రాళ్లు ఏరాను.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు. ఆ గేటు లేదు. కంపెనీల పనికి ఇప్పుడు బస్సులు ఇంటిదాకా వస్తున్నాయి, ఎక్కడెక్కడి పిల్లలో హిందీలో మాట్లాడుకుంటూ ఎక్కుతున్నారు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ప్రార్థనలో కూర్చున్నప్పుడు ఆమె మాట గుర్తొస్తుంది. ఇంకొకరిని మనకంటే ముందు నిలబెట్టడం గురించి చాలామంది చాలా చక్కగా బోధిస్తారు, వింటాను. కానీ మా అమ్మ చెప్పిన మాట వేరేవాళ్లు ఎవరూ చెప్పలేదు. మనం పక్కకు జరిగితే మన చెయ్యి పట్టుకొని ఉన్న పిల్ల కూడా జరుగుతుంది. ఆ పిల్లను కూడా అడగాలి.

ఆ రోజు అమ్మ అడిగి ఉంటే నేను వద్దనే అనేదాన్ని. గేటు దగ్గరే ఏడ్చి గోల చేసేదాన్ని. ఇన్నేళ్లలో నా జవాబు మారింది. ఎప్పుడు మారిందో నాకే తెలియదు. ఇప్పుడు అడిగితే, ఇవ్వమ్మా అంటాను. అడగడానికి అమ్మ లేదు.

ఇంతే నేను రాయగలిగింది. అక్షరాలు వంకరగా ఉన్నా, మాటలు అటుఇటు అయినా నన్ను మన్నించండి. నా చేతకానితనం చూసి మా అమ్మను మాత్రం తక్కువగా అనుకోవద్దని వేడుకుంటున్నాను.